గుండీ నేర్చుకున్నది

కానివ్వు నా తండ్రీ, కానివ్వు, ఎంతసేపని ఇలా నా మొహంలోకి చూస్తూ కూర్చుంటావు, నా మొహంలో ఏముంది, చూడాల్సింది కింద, ఆ మట్టి, ఆ గడ్డి, అని ఆమె లోపల్లోపల బతిమాలుకుంటోంది. పైకి అంటే పై వాటా పిన్నిగారికి వినబడుతుంది, వినబడితే ఆవిడ మళ్ళీ బాల్కనీలోకి వస్తుంది. గుండీ మాత్రం వెనక కాళ్ళు రెండూ ఒక పక్కకు పడేసి, ముందు కాళ్ళు బుద్ధిగా దగ్గరికి పెట్టుకుని, తల కొంచెం వంచి ఆమెనే చూస్తోంది, నువ్వు చెబితే చేస్తాను, ఏం చెయ్యాలో చెప్పు అన్నట్టు. చెబుతూనే ఉంది కదా మధ్యాహ్నం నుంచి! గిన్నెడు నీళ్ళు అడుగంటా నాకేసింది, ఆ నీళ్ళన్నీ ఎటు పోయినట్టు, అరచేయంత పొట్టలో ఇంత ఓపిక ఎక్కడ దాచుకుంది. తాడు రెండో చివర ఆమె మణికట్టుకు చుట్టుకుని ఉంది. ఆదివారపు ఎండ పెరటి గోడ దిగి, బట్టల తీగ మీద ఆరేసిన అతని చొక్కా భుజాల మీదికి వచ్చింది. ఆ ఎండ చొక్కా అంచు దాటి వెళ్ళిపోయేసరికి అతను ఆఫీసు నుంచి వచ్చేస్తాడు. వచ్చాక మాట్లాడుకుందాం అన్నాడు. అతను వచ్చేలోగా ఇది ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, మట్టి మీద కానిస్తే చాలు, అప్పుడు ఆమె దగ్గర చెప్పుకోవడానికి ఒక మాట ఉంటుంది, చూడు, నేర్చుకుంది, పంపించక్కర్లేదు అని. లేకపోతే చీకటి పడేలోగా కుక్కలక్కకు ఫోన్ చేసి, తీసుకెళ్ళండి అని చెప్పాలి.

కుక్కలక్క అసలు పేరు ఎవరికీ తెలియదు. వీధి కుక్కపిల్లల్ని చేరదీసి, స్నానాలు చేయించి, మంచి ఇళ్ళు చూసి ఇస్తుంటుంది, కుక్కలక్కా అంటే ఓయ్ అని పలుకుతుంది. నిన్న ఆవిడే ఫోన్ చేసింది, సరిగ్గా ఇలాంటి పిల్లే కావాలని ఎవరో ఇద్దరు పిల్లలున్న వాళ్ళు అడుగుతున్నారట, మీకు కుదరట్లేదనిపిస్తే ఆదివారం సాయంత్రానికి చెప్పండి, తిరిగి ఇవ్వడం తప్పేం కాదమ్మా, విసుక్కుంటూ ఉంచుకోవడమే తప్పు, అంది. నిన్న ఆ ఫోన్ వచ్చినప్పుడు ఇద్దరూ నవ్వుకున్నారు. కుదరకపోవడమేమిటి, మనకా, అనుకున్నారు. అతను గుండీ చెవులు రెండూ నిక్కబెట్టి పట్టుకుని, విన్నావా, నీకు వేరే సంబంధం వచ్చింది, అన్నాడు. నిన్న అంటే ఎంతో దూరమేం కాదు, అదిగో ఆ గోడకు అవతల ఉన్నంత దగ్గర, అయినా ఇవాళ పొద్దున్న జరిగినదానికి ఇవతల నిలబడి చూస్తే ఎవరో వేరేవాళ్ళు నవ్వుకున్నట్టు ఉంది.

"ఏమ్మా, ఇంకా లైన్ కలవలేదా?"

వచ్చేసింది. పిన్నిగారు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరయింది, ప్రపంచంలో ఏ పని ఆలస్యమైనా ఆవిడకు లైన్ కలవకపోవడమే. గ్యాస్ బండ రాకపోయినా, వాన పడకపోయినా, పక్కింటమ్మాయి పెళ్ళి కుదరకపోయినా అంతే. లేదండీ పిన్నిగారూ, ప్రయత్నిస్తున్నాం, అంది ఆమె తలెత్తి. "కంగారు పెట్టకు, కంగారు పెడితే అస్సలు కలవదు. లైన్లో ఉండు, అంతే," అని ఆవిడ రైలింగు మీద మోచేతులు ఆనించి, తనూ లైన్లో ఉండటానికే నిశ్చయించుకున్నట్టు నిలబడింది. ఒకటికి వెళ్ళడానికి కూడా ప్రేక్షకులు ఉంటే ఎవరికి మాత్రం వస్తుంది! పాపం, గుండీ తలెత్తి బాల్కనీ కేసి చూసి, తోక ఒకసారి నేలకేసి కొట్టి, మళ్ళీ ఆమె మొహంలోకి చూడసాగింది.

ఆ కళ్ళు చూసే ఆ పేరు పెట్టింది. నల్లటి కోటు గుండీలు రెండు, మూడోది ముక్కు, మిగతాదంతా తవుడు రంగు బొచ్చు. చూసి వద్దాం, ఊరికే చూసి వద్దాం, అనుకుని వెళ్ళారు ఆ రోజు, చెప్పుల దుకాణంలోకి ఊరికే చూద్దామని వెళ్ళినట్టు. పిల్లలన్నీ ఒకదాని మీద ఒకటి పడి కొట్టుకుంటుంటే ఇదొక్కటి ఖాళీ గిన్నెలో ముడుచుకుని నిద్రపోతోంది, గిన్నె కొలత తీసి చేసినట్టు సరిపోయింది దానికి. ఇది మా గొంతు విని నిద్రలో తోక ఊపిందండీ, మేం నచ్చామంటారా, అని ఆమె మురిసిపోతే, దీనికి ఎవరైనా ఒకటేనమ్మా, గిన్నె ఎవరు పట్టుకుంటే వాళ్ళే అమ్మా నాన్నా, అని కుక్కలక్క తేల్చేసింది. అతను జన్మలో కుక్కను ముట్టుకుని ఎరగడు. చెయ్యి చాపి, వెనక్కి తీసుకుని, మళ్ళీ చాపి, వేడి పెనాన్ని తడిమినట్టు వేలి కొసతో దాని నుదురు తాకాడు. అది నిద్రలోనే తుమ్మింది. అంతే, అతని మొహం చూడాలి అప్పుడు, ఎవరో బహుమతి ప్రకటించినట్టు వెలిగిపోయింది. ఆ మొహం చూసే ఆమె ఇక ఆలోచించలేదు. పెళ్ళయ్యాక అతని గురించి కొత్తగా తెలిసిన సంగతుల్లో అదొకటి కలిసింది, అప్పటికే ఎన్నో ఉన్నాయి, నిద్రలో కూడా మేజోళ్ళు విప్పడని, పెన్సిలు చెక్కుతూ కూనిరాగం తీస్తాడని, చెక్కడం అయిపోతే రాగం సగంలో ఆపేస్తాడని, టీ కలిపాక చెంచా కప్పు అంచుకేసి టింగుమని కొట్టకుండా ఉండలేడని. ఆ టింగు వినబడగానే పొద్దున్న ఆమెకు ఎక్కడ లేని సంతోషం, దుప్పట్లోంచే నవ్వుకునేది, నా ఇల్లు, నా వాటా, నా టింగు అని. ఎవర్నీ అడగక్కర్లేదు. తలుపు ఎప్పుడు వెయ్యాలో, కిటికీ ఏది తెరవాలో, కుర్చీ ఎటు తిప్పాలో, అన్నీ వాళ్ళిద్దరి ఇష్టమే. కుక్కపిల్లను తెచ్చుకుందామా అంటే తెచ్చుకుందాం అన్నాడు, అంత తేలిక! చిన్నప్పట్నుంచీ అడిగితే అమ్మ ఒకే మాట అనేది, ఇంట్లో నువ్వయినా ఉండాలి, కుక్కయినా ఉండాలి, ఇద్దర్నీ నేను సాకలేను అని. గుండీ వచ్చిన రోజు ఫోన్ చేసి చెబితే, "అందుకే కదే నిన్ను పెళ్ళి చేసి పంపించేసింది," అంది అమ్మ, ఆ తర్వాత గొంతు తగ్గించి, "అల్లుడుగారు ఏమీ అనలేదూ?" అని అడిగింది. ఏమీ అనలేదమ్మా, ఆయనే మోసుకొచ్చారు, చొక్కా లోపల పెట్టుకుని, అని ఎంత గొప్పగా చెప్పింది!

గుండీ లేచింది. ఆమె ఊపిరి బిగబట్టింది. ముక్కు నేలకు ఆనించి, గోడవారే నాలుగు అడుగులు వేసి, గడ్డి పోచ ఒకటి వాసన చూసి, ఇది నా గడ్డి కాదు అన్నట్టు పక్కకు జరిగి, తొట్టి పక్కన తడిసిన మట్టి వాసన చూసి, అక్కడ చుట్టూ ఒకసారి తిరిగింది. తిరగడమంటే మంచి గుర్తే. వాసన చూడటం, చుట్లు తిరగడం, కాళ్ళు ముడవడం, అదీ వరస, ఇన్ని రోజుల్లో ఆ వరస ఆమెకు కంఠతా వచ్చేసింది. తిరుగు నాన్నా, ఇంకొక్క చుట్టు. గుండీ తిరగడం ఆపి, ఎదురొచ్చిన చీమను చూసి ఉలిక్కిపడి, వచ్చి ఆమె పాదం మీద కూర్చుంది. వెచ్చగా, బరువు లేకుండా. పైన పిన్నిగారు గట్టిగా నిట్టూర్చింది, "కట్టయిపోయింది."

పాదం మీద ఆ వెచ్చదనం ఎంత బాగుందో! కదిలితే లేస్తుందని కదలకుండా నిలబడింది. దుకాణంలో కూడా ఇలాగే నిలబడి ఉంటుంది రోజంతా, కళ్ళద్దాల దుకాణంలో, చీకటి గదిలో, వచ్చినవాళ్ళ ముక్కు మీద బరువైన ఫ్రేము పెట్టి, ఒక్కొక్క అద్దం మారుస్తూ, ఇది బాగుందా, ఇది బాగుందా, మొదటిదా, రెండోదా. కొందరు పరీక్షకు వచ్చినట్టు భయపడిపోతారు. ముందు కూర్చున్నవాళ్ళు చదివింది విని కంఠతా పట్టేసి, అద్దం లేకుండానే గడగడా అప్పజెప్పేస్తారు, తప్పితే ఏమవుతుందోనని. వాళ్ళతో ఆమె నవ్వుతూ అంటుంది, ఇందులో తప్పూ ఒప్పూ ఉండదండీ, మీకు ఎలా కనబడితే అలా చెప్పండి చాలు అని. ఎంత బాగా చెబుతావమ్మా అంటారు. బయట ఎవరికైనా చెప్పగలదు. ఇంట్లో, ఇవాళ పొద్దున్న, ఆమె నోట్లోంచి వచ్చింది ఒక నవ్వు.

నవ్వకుండా ఉండాల్సింది. తల తుడుచుకుంటూ బయటికి వచ్చేసరికి ఇల్లంతా ఎంతో నిశ్శబ్దంగా ఉంది, కూనిరాగం లేదు. అతను ముందు గదిలో నేల మీద మోకాళ్ళ మీద ఉన్నాడు. చేతిలో పెద్ద కాగితం, చివర పట్టుకుని పైకెత్తాడు, దాని కింది అంచు నుంచి చుక్క, చుక్క, చుక్క. అతని పని అదే, కట్టబోయే భవనాల ప్లాన్లు గియ్యడం, ఈసారి ఏదో గ్రంథాలయం, దాని మెట్లు. పెద్ద కాగితాల మీద ప్రింటు తీసి తెచ్చుకుని, తప్పులన్నీ ఎర్ర సిరాతో దిద్దుతాడు, టేబులు చాలదు, అందుకని నేల మీద పరుస్తాడు. రోజుల తరబడి దిద్దిన మెట్లు, సోమవారం పొద్దున్నే పెద్ద ఇంజనీరు చేతిలో ఉండాల్సినవి, అందులో నడిమి కాగితం మీద ఎర్ర సిరా అంతా కరిగి, మెట్ల మధ్య నుంచి చిన్న చెరువులా పాకింది. దాని పక్కనే గుండీ. వెన్ను నిటారుగా పెట్టి, ఛాతీ ముందుకు పొడిచి, తోకతో నేల ఊడుస్తూ, అతని మొహంలోకి చూసి, ఆమె మొహంలోకి చూసి, మళ్ళీ అతని మొహంలోకి, దేనికోసమో ఎదురుచూస్తూ. ఆ దర్జా చూసి ఆమె ఫక్కుమంది. అతను నవ్వలేదు. కాగితాన్ని మెల్లిగా కింద పెట్టి, వేళ్ళు తుడుచుకుని, ఎవరో పక్కింటివాళ్ళతో మాట్లాడినంత నెమ్మదిగా, "ఇది మన వల్ల అయ్యే పని కాదేమో. ఆ పిల్లలున్న వాళ్ళకే ఇచ్చేద్దామా?" అన్నాడు. అరిచినా బాగుండేది. అరవడం ఎలా ఉంటుందో తెలుసు, వాళ్ళ నాన్న అరుస్తాడు, అరిచి, కాసేపాగి, టీ ఏదీ అంటాడు, అయిపోతుంది. ఈ నెమ్మది ఆమెకు తెలియనిది. అందుకే కాబోలు, ఇన్నాళ్ళుగా నువ్వు అని పిలవడానికి ఎంతో సిగ్గుపడి, నేర్చుకుని, అలవాటు చేసుకున్నదల్లా, "మీ ఇష్టం," అనేసింది. అతను తలెత్తి చూశాడు ఆ మాటకు. ఆఫీసులో మళ్ళీ ప్రింటు తీసుకుని అక్కడే దిద్దుకొస్తాను, సాయంత్రం మాట్లాడుకుందాం, అని బ్యాగు తీసుకుని వెళ్ళిపోయాడు. టీ సగం తాగి వదిలేశాడు. టింగు మాత్రం అంతకుముందే అయిపోయింది.

ఇచ్చేద్దామా. ఆ మాటే పొద్దుటినుంచీ పంటి కింద రాయిలా తగులుతోంది. సరిగ్గా రాకపోతే తిరిగి ఇచ్చేసే ఇల్లా ఇది? అలాంటి ఇల్లని ఆమె అనుకోలేదు. పెళ్ళయిన కొత్తలో, ఆ మొదటి వారంలోనే, అతని మంచి చొక్కా ఇస్త్రీ చేస్తూ అమ్మతో ఫోన్లో కబుర్లాడుతూ, పెట్టె అలాగే ఉంచేసి, వీపు మీద గోధుమ రంగు పడవ బొమ్మ తెప్పించింది కదా. ఏడుపు మొహంతో తెచ్చి చూపిస్తే, అతను అటూ ఇటూ తిప్పి చూసి, "వీపు వైపేగా, నాకు కనబడదులే," అని, దాన్నే తొడుక్కుని, పైన స్వెటర్ వేసుకుని, ఉక్కపోసే రోజున ఆఫీసుకు వెళ్ళిపోయాడు. సాయంత్రానికి చెమటతో ముద్దయి వచ్చాడు. ఎందుకు విప్పలేదు స్వెటర్ అంటే, విప్పితే పడవ కనబడుతుందిగా, అన్నాడు. ఆ మనిషే కదా. ఆ మనిషి ఎక్కడికీ పోడు. కానీ పొద్దున్న మోకాళ్ళ మీద ఉన్న మనిషి కూడా ఆ మనిషే. ఇద్దరూ అతనే అయితే, ఇవాళ సాయంత్రం గేటు తీసుకుని వచ్చేది ఏ మనిషి? ఆమెకు అది తెలియదు. తెలియకపోవడంలో ఒక వింత ఉంది, భయం లాంటిదే గాని పూర్తిగా భయం కాదు, ఎన్ని రోజులు కలిసి ఉంటే ఒక మనిషి పూర్తిగా తెలుస్తాడు, అమ్మకు నాన్న ఇప్పటికైనా తెలిశాడా. చొక్కా అంచున ఎండ సన్నగిల్లింది. చొక్కా ఎండిపోయింది, తీసి మడత పెట్టాలి, తాడు వదిలితే ఇది పరుగెడుతుంది, ఉండనీ.

పొద్దున్న అతను వెళ్ళగానే ఇంట్లో కాగితం అన్నది కనబడకుండా చేసింది. వంటింట్లో పరిచిన దినపత్రికలు, తలుపు వార పరిచినవి, మంచం పక్కన పరిచినవి, అన్నీ ఎత్తి అటక మీద పడేసి, నేలంతా వెనిగర్ నీళ్ళతో తుడిచేసింది. ఇక నుంచి బయటే, మట్టిలోనే, బుద్ధిగా, మనుషుల ఇళ్ళల్లో పెరిగే కుక్కలన్నిట్లాగా. అన్నం తిన్నాక తెచ్చింది, రాలేదు. నిద్ర లేచాక తెచ్చింది, రాలేదు. ఆడాక, పరిగెత్తాక, నీళ్ళు తాగాక, అన్నిసార్లూ వచ్చి, ఇలాగే కూర్చుని, ఇలాగే మొహంలోకి చూసింది. మొండిది, అనుకుంది ఆమె మధ్యాహ్నం, కాస్త కోపంగానే. నీ మూలాన నేను మాటలు పడుతుంటే నీకు చీమ కుట్టినట్టయినా లేదు.

గాలి వచ్చింది. చిన్న గాలి, గేటు సందులోంచి దూరి, ఎక్కడిదో ఒక కాగితం ముక్కను దొర్లించుకొచ్చింది, బస్సు టిక్కెట్టు, ఎవరో నలిపి పారేసింది. అది మట్టి మీద రెండు పల్టీలు కొట్టి ఆగింది. గుండీ చెవులు నిక్కపొడుచుకున్నాయి. ఆమె పాదం మీంచి లేచి, ఒక్క ఉదుటున వెళ్ళి, టిక్కెట్టును వాసన చూసి, దాని చుట్టూ గబగబా తిరగడం మొదలుపెట్టింది. తర్వాత చేసిన పని చూసి ఆమెకు మొదట అర్థం కాలేదు. ముందు కాలు ఒకటి టిక్కెట్టు మీద పెట్టింది. రెండోది పెట్టబోతే చోటు లేదు, మొదటిది జారింది. మళ్ళీ మొదటిది పెట్టింది. వెనక కాళ్ళు దగ్గరికి లాక్కుని, వెన్ను విల్లులా వంచి, నాలుగు కాళ్ళూ ఆ టిక్కెట్టు మీదికి ఎలాగైనా చేర్చాలని అవస్థ పడుతోంది, ఇరుకు బల్ల మీద నిలబడి అటక అందుకోబోతున్న మనిషిలా. తూలి పక్కకు పడింది. లేచి మళ్ళీ. చివరికి టిక్కెట్టు పక్కన నిలబడి, ఆమె కేసి తిరిగి, సన్నగా, ఈల వేసినట్టు ఒక్క మూలుగు మూలిగింది.

అయ్యో. అయ్యో పిచ్చి నాన్నా. ఆమె మణికట్టు మీంచి తాడు వదులై జారిపోయింది. ఇదా సంగతి. ఎవరు నేర్పారు దీనికి కాగితం? ఇది వచ్చిన కొత్తలో ఇల్లంతా చెరువులు చేస్తుంటే, పత్రికలు పరిచి, ఎత్తుకొచ్చి వాటి మీద దించి, మళ్ళీ ఎత్తుకొచ్చి మళ్ళీ దించి, ఇక్కడ, ఇక్కడే, ఎక్కడ, ఇక్కడ, అని నోరు నొప్పెట్టేలా పాఠం చెప్పింది ఎవరు? తనంతట తను నడిచి వెళ్ళి మొదటిసారి పత్రిక మధ్యలో కానిచ్చిన రోజున అతను గీస్తున్న పెన్సిలు పారేసి, లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు, స్టేడియంలో కొట్టినట్టు. ఆమె పరిగెత్తుకొచ్చి తనూ కొట్టింది. ఆ తర్వాత ప్రతిసారీ కొట్టారు, ఒకళ్ళు స్నానాల గదిలో ఉన్నా లోపల్నుంచే కొట్టారు. ఒకసారి పిన్నిగారు మెట్లు దిగొచ్చి, ఏమిటమ్మా, ప్రైజేమన్నా వచ్చిందా, అని అడిగింది. చదువుకున్న వాళ్ళు, ఇద్దరికి ఇద్దరూ, కాగితం మీద పోస్తే మురిసిపోవాలని దానికి అంత గట్టిగా నేర్పి, తీసుకెళ్ళి గది మధ్యలో తలుపంత కాగితం పరిచారు. రోజూ గది తలుపు వేసుకుని దిద్దేవాడు, అంత పెద్ద కాగితం అది ఎప్పుడూ చూసి ఉండదు. చక్కగా నడి మధ్యకు నడిచి, కానిచ్చి, పక్కకొచ్చి కూర్చుని, చప్పట్ల కోసం చూసింది. ఆ ఛాతీ పొడవడం, ఆ తోక ఊపడం. ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది కదా, ఒకళ్ళు నవ్వారు, ఒకళ్ళు నవ్వలేదు, చప్పట్లు మాత్రం రాలేదు. ఏమనుకుని ఉంటుంది అది? పొద్దుటినుంచీ ఏమనుకుంటూ ఉంది? ఇంట్లో కాగితాలన్నీ మాయమైపోయాయి, నిండిన పొట్టతో, తప్పు చెయ్యకూడదని, మంచి పిల్లగా ఉండాలని బిగబట్టుకుని కూర్చుంది. దాన్ని పట్టుకుని మొండిదన్నాను.

ఆమె మట్టిలో కూర్చుండిపోయి, గుండీని ఒళ్ళోకి తీసుకుంది. పొట్ట డప్పులా ఉంది. అతనికి ఫోన్ చేసి చెప్పాలి అనిపించింది, ఇదీ సంగతి, దాని తప్పు కాదు, మన తప్పు. చెయ్యి ఫోను దాకా వెళ్ళి ఆగింది. అక్కడ అతను ఎవరూ లేని ఆఫీసులో వంగి కూర్చుని, పోయిన మెట్లన్నీ జ్ఞాపకం తెచ్చుకుంటూ ఒక్కొక్కటే దిద్దుతుంటాడు, కూనిరాగం కూడా ఉండదేమో, ఇప్పుడు ఫోన్ చేసి తప్పెవరిది అని లెక్కలు చెబితే ఎలా ఉంటుంది. మట్టి మీద కానిస్తే చూపించి గెలుద్దామనుకుంది ఇంతసేపూ. గెలవడం తర్వాత. ముందు ఈ పొట్ట.

"పిన్నిగారూ! పాత పేపరేమన్నా ఉంటే కింద పడేస్తారా?"

"మట్టిలోనే అన్నావుగా ఇందాకా?"

"అన్నానండీ. ఇది కాగితమైతేనే వెళుతుంది. అలా నేర్పాం మేమే. రేపట్నుంచి మెల్లిగా మాన్పిస్తాను, ఇవాళ్టికి దీని ప్రాణం సుఖపడనీ."

"అదీ మాట. అలా ముందే చెబితే ఎప్పుడో కలిపేసేదాన్ని," అని పిన్నిగారు చెప్పులు చప్పుడు చేసుకుంటూ లోపలికి వెళ్ళింది. తేలికగా ఉంది ఆమెకు. ఎందుకో తెలియదు, ఏదీ తేలలేదు, ఎండ చొక్కాను వదిలేసి ప్రహరీ మీదికి ఎక్కేసింది, కుక్కలక్క ఎదురుచూస్తూ ఉంటుంది, అతను ఏ మొహంతో వస్తాడో తెలియదు, అయినా తేలికగా ఉంది. ఏ మొహంతో వచ్చినా చెబుతుంది. ఇది మనింట్లోనే ఉంటుంది, నువ్వూ నేనూ కలిసి నేర్పిన తప్పు ఇది, నువ్వూ నేనూ కలిసే మాన్పించాలి, అని చెబుతుంది, నువ్వు అనే చెబుతుంది, ఇష్టం నీ ఒక్కడిదీ కాదు అని కూడా. అతను ఆ నెమ్మది గొంతుతో కాదంటే? అనుకుంది. అంటే, అప్పుడు చూద్దాం, మళ్ళీ చెబుతుంది.

గేటు గొళ్ళెం చప్పుడయింది. ఆమె లేచేలోగా గుండీ ఒళ్ళోంచి జారి, తాడు ఈడ్చుకుంటూ, చెవులు వెనక్కి ఎగిరిపోతుండగా పరుగెత్తింది. అతను. చంకలో కాగితాల గొట్టం, మొహం వాడిపోయి, చూపుడు వేలికి ఎర్ర సిరా. గేటు లోపలికి ఒక్క అడుగు వేశాడో లేదో, గుండీ వెళ్ళి అతని కాళ్ళకు చుట్టుకుని, ఎగిరి, పల్టీ కొట్టి, ఒళ్ళంతా తోకై ఊగిపోయి, ఆ సంతోషంలో ఇంక దేన్నీ బిగబట్టుకోలేక, అక్కడే, అతని బూటు మీద కాళ్ళు ముడిచింది.

"కదలకు!" అని అరిచింది ఆమె. తన గొంతేనా అనిపించేలా అరిచింది. "కదిలావంటే ఆగిపోతుంది! కదలకు!"

అతను కదల్లేదు. ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కి, చంకలో గొట్టం, భుజం మీంచి సగం జారిన బ్యాగు, ఎలా ఉన్నవాడు అలాగే నిలబడిపోయాడు. గుండీ కళ్ళు అరమోడ్చుకుని కానిస్తోంది. మధ్యాహ్నపు గిన్నెడు నీళ్ళూ, అంతకుముందువీ, బూటు మీంచి దిగి, దాని చుట్టూ పొడి మట్టి నల్లబడుతూ, మెల్లిగా కాలవ కట్టి, ఆమె నిలబడ్డ వైపు రాసాగాయి. ఎంతసేపటికీ అవ్వదే. అతను కళ్ళు మాత్రం దించి చూసి, పెదవులు కదిపీ కదపనట్టు, "మట్టే కదా?" అన్నాడు.

"మట్టే. సగం బూటు."

"సగమైనా నయమే." బూటు లోపలికి దిగుతున్నట్టుంది, అతని మొహం ఒక పక్కకు వంకర పోయింది, కాలు మాత్రం కదల్లేదు. "ఇందాక మళ్ళీ ప్రింటు తీశాను. మెషీన్లోంచి కాగితం మెల్లిగా బయటికి వస్తుంటే చూస్తూ నిలబడ్డాను. ఎంత పెద్దదో, ఎంత తెల్లదో. దాని కళ్ళతో చూస్తే, అంత మంచి కాగితం ఎవరు పరిచినా..." అని ఆగి, "చప్పట్లు మొదలుపెట్టింది నేనేగా," అన్నాడు.

ఆమె చెప్పాలని పేర్చుకున్న మాటలన్నీ అక్కర్లేకుండా పోయి, నోట్లోంచి నవ్వో ఏడుపో తేలని చప్పుడు ఒకటి వచ్చింది. పై నుంచి దినపత్రిక ఒకటి రెక్కలు విప్పుకుని దిగొచ్చి, బట్టల తీగకు తగిలి, గుండీకి చాలా దూరంగా గడ్డిలో పడింది. "అందిందా అమ్మా?" అంది పిన్నిగారు వంగి చూసి, గేటు దగ్గర సంగతి కనబడగానే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఉండబ్బాయ్, మధ్యలో కట్ చెయ్యకు!" అని కేకేసింది.

అతని జేబులో ఫోను మోగింది. కదలకుండానే, రెండు వేళ్ళతో లాగి, చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్నాడు. చెప్పక్కా, అన్నాడు. అవతల గొంతు సన్నగా ఏదో అడిగింది. ఆమె ఉన్నచోటే నిలబడి అతని మొహం చూసింది.

"లేదక్కా, ఇవ్వట్లేదు. వాళ్ళకి ఇంకో పిల్లని చూపించండి, ఇది మాది." కాసేపు విన్నాడు. "ఇంట్లో వాళ్ళతో మాట్లాడాలా? ఉందక్కా, ఎదురుగానే ఉంది, నవ్వుతోంది. ఇప్పుడే ఫోను ఇవ్వలేను. మధ్యలో నాలుగడుగుల దూరముంది, నేను కాలు తియ్యకూడదు."